వంతెన మీదికి ఎక్కే లారీ బరువుని ఎలా లెక్కేస్తారు?

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మావయ్య ఒక ప్రశ్న వేశాడు. "ఏరా, నువ్వు బ్రిడ్జిల డిజైన్ చేసేవాడివి కదా, ఇది చెప్పు. మన కాలవ మీద కల్వర్టు ఉందా, దాని మీద నుంచి మిల్లుకి మిషనరీ తెచ్చిన అంత పొడుగు ట్రైలర్ పోయింది, ఏమీ కాలేదు. ఇసుక టిప్పర్లు నాలుగు నెలలు తిరిగేసరికి స్లాబు కింద బీటలొచ్చాయి. టిప్పరు దానికంటే చిన్న బండే కదా?"

నాకు చాలా నచ్చింది ఆ ప్రశ్న. ఎందుకంటే మామూలుగా అందరూ అడిగేది "ఈ బ్రిడ్జి ఎన్ని టన్నులు మోస్తుంది?" అని, దానికి ఒక్క అంకెలో జవాబు ఉండదు. ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ వాహనాల్ని ఎందుకు రానివ్వరు అన్నా, కొత్త ఫ్లైఓవర్ కడితే దాని మీద ఎంత బండి పోవచ్చు అన్నా, జవాబు మొదలయ్యేది మావయ్య ప్రశ్న దగ్గరే. వంతెనకి లారీ మొత్తం బరువు తెలియదు. ఒక క్షణంలో తన మీద ఎన్ని ఇరుసులు ఉన్నాయి, ఒక్కోటి ఎంత బరువుంది, వాటి మధ్య ఎంత దూరం ఉంది, ఇదే దానికి తెలిసేది. లారీ డ్రైవర్లు యాక్సిల్ అనేదే ఇరుసు, నేను రెండూ వాడతాను.

పంట కాలవకి అడ్డంగా వేసిన తాటి దుంగని గుర్తు తెచ్చుకోండి. బస్తా భుజాన వేసుకుని దాని మీద నడిస్తే గట్టు దగ్గర ఉన్నంతసేపూ దుంగ పెద్దగా వంగదు, మధ్యకి వచ్చేసరికి కిందకి దిగుతుంది. ఇద్దరు బస్తాలతో ఒకరి వెనక ఒకరు ఆనుకుని నడిస్తే ఇంకా దిగుతుంది. ఒకరు గట్టెక్కాక రెండోవాళ్లు మొదలుపెడితే మాత్రం ఒక్క మనిషి నడిచినట్టే, ఇద్దరి బరువూ కలిపి ఎంతైనా సరే. ఈ వంగడాన్ని కొలిచే లెక్కనే ఇంజినీర్లు బెండింగ్ మూమెంట్ అంటారు, బరువుని దూరంతో గుణిస్తే వచ్చేది కాబట్టి టన్ను-మీటర్లలో చెబుతారు. గట్టు దగ్గర దుంగ తెగకుండా ఉండాలి కదా, దానికి షియర్ అని ఇంకో లెక్క ఉంది, దాన్ని ఇక్కడ వదిలేస్తాను.

ఇప్పుడు మావయ్య కల్వర్టుకి వద్దాం. 5 మీటర్ల స్లాబు అనుకోండి. చట్టం ప్రకారం 55 టన్నుల దాకా బరువుండే ట్రైలర్‌కి ముందు ఇరుసు మీద 7 టన్నులు, ఇంజిన్ తిప్పే డ్రైవింగ్ ఇరుసుల జంట మీద 21, వెనక మూడు ఇరుసుల గుంపు మీద 27 ఉంటాయి. బండి పొడుగు కల్వర్టుకి రెండింతలకి పైనే కాబట్టి ఏ క్షణంలో చూసినా స్లాబు మీద ఒక గుంపే ఉంటుంది, అంటే ఎక్కువలో ఎక్కువ 27 టన్నులు, అవీ దాదాపు 1.3 మీటర్ల ఎడంతో పరుచుకుని. లెక్క వేస్తే స్లాబు మధ్యలో సుమారు 22 టన్ను-మీటర్లు. అదే పది టైర్ల టిప్పరు మీద తడి ఇసుక గోపురంలా పోసి మొత్తం 40 టన్నులు చేశారనుకోండి, అందులో ఓ 32 టన్నులు వెనక రెండు ఇరుసుల మీదే పడతాయి, వాటి మధ్య ఎడం 1.4 మీటర్లు. ఈసారి దాదాపు 30 టన్ను-మీటర్లు. మొత్తం బరువులో 15 టన్నులు తక్కువ ఉన్న బండి స్లాబుని మూడో వంతు ఎక్కువగా వంచింది. పైగా ట్రైలర్ వెళ్లింది ఒక్కసారి, టిప్పర్లు తిరిగింది రోజుకి ఎన్ని ట్రిప్పులో ఊళ్లో ఎవరూ లెక్క పెట్టలేదు.

స్పాన్, అంటే వంతెన ఆనే రెండు ఆధారాల మధ్య దూరం, పెరిగేకొద్దీ కథ మారుతుంది. 5 మీటర్ల కల్వర్టుకి భయం ఒక ఇరుసుల గుంపు. 20, 30 మీటర్ల స్పాన్ మీద లారీ మొత్తం పడుతుంది కాబట్టి మొత్తం బరువుకీ అర్థం వస్తుంది. వంద మీటర్లు దాటిన స్పాన్‌కి ఏ ఒక్క లారీ కూడా పెద్ద లెక్క కాదు, దానికి ట్రాఫిక్ జామ్‌లో బంపర్‌కి బంపర్ ఆనించి నిలబడ్డ లారీల వరస కావాలి. అందుకే డిజైన్‌లో "ఇంత టన్నుల లారీ" అని ఒక్కటి పెట్టుకుంటే సరిపోదు, కొన్ని రకాల బండ్లు కావాలి, వాటిలో ఏది ఎక్కడ ఎక్కువ హాని చేస్తుందో ఒక్కో స్పాన్‌కి, ఒక్కో చోటుకి విడిగా చూడాలి.

మన దేశంలో ఈ బండ్లని చెప్పే పుస్తకం ఐఆర్‌సీ:6. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1934లో ఏర్పడింది, ఈ కోడ్ మొదట 1958లో వచ్చింది, ఆ తర్వాత ఎన్నోసార్లు సవరించారు. అందులో ఉన్నవి రోడ్డు మీద మీకు ఎక్కడా కనపడని ఊహా వాహనాలు. క్లాస్ ఏ అనేది ఒక లాగే బండీ దాని వెనక ట్రైలర్లూ కలిసిన వరస, ఎనిమిది ఇరుసులు, మొత్తం 55.4 టన్నులు, అందులో రెండు ఇరుసులు ఒక్కోటి 11.4 టన్నులు. క్లాస్ 70ఆర్ అనేది సైన్యం బండ్ల వర్గీకరణ నుంచి వచ్చింది. దాని గొలుసు చక్రాల బండి, అంటే యుద్ధ ట్యాంకు లాంటిది, 70 టన్నులు, నేలని తాకే పొడవు 4.57 మీటర్లు. టైర్ల బండి అయితే ఏడు ఇరుసులు, 8, 12, 12, ఆ తర్వాత నాలుగు 17లు, కలిపితే సరిగ్గా 100 టన్నులు. ఇవి కాక విడిగా 20 టన్నుల ఇరుసులు రెండు 1.22 మీటర్ల ఎడంతో, చిన్న స్పాన్ల కోసం.

ఈ అంకెల్లోని దశాంశాలు చూస్తే నాకు చరిత్ర కనపడుతుంది. 4.57 మీటర్లంటే 15 అడుగులు. 1.22 అంటే 4 అడుగులు. 70ఆర్ ఇరుసుల మధ్య దూరాలు 3.96, 1.52, 2.13, 1.37, 3.05 అన్నీ 13, 5, 7, నాలుగున్నర, 10 అడుగులే. క్లాస్ ఏలోని 6.8 టన్నులంటే 15,000 పౌండ్లు. మీటర్లు, కిలోలు రాకముందు నాటి బండ్లు ఇవి, ఈ రోజు నేను కంప్యూటర్లో హైవే వంతెనకి మోడల్ వేసినా దాని మీద నడిపేది వీటినే. తప్పని అనడం లేదు, ఆ రోజుల్లో రోడ్డు మీద పోగల అతి భారీ వస్తువు సైన్యం ట్యాంకే, వంతెన దాన్ని మోస్తే అప్పటి లారీల సంగతి చూసుకోనక్కర్లేదు. కానీ ఈ అంకెలు మన రోడ్ల మీద లారీల్ని తూచి తెచ్చినవి కావు అనేది మనసులో పెట్టుకోవాలి.

తూచి తెచ్చిన దేశాలు ఉన్నాయి. కెనడాలోని ఒంటారియోలో 1975లో 9,250 లారీల్ని తూచారు, ఆ సమాచారం మీదే అమెరికావాళ్లు తమ ఇప్పటి డిజైన్ లోడ్ హెచ్ఎల్-93ని తయారుచేసుకున్నారు. ఐరోపా దేశాల కోడ్‌కి ఫ్రాన్స్‌లోని ఓసేర్ అనే ఊరి దగ్గర హైవే ట్రాఫిక్ ఆధారం, అక్కడ బరువైన లారీలు ఎక్కువని దాన్నే ఎంచుకున్నారు. రెండు చోట్లా చేసిన పని ఒకటే. కొన్ని రోజులో కొన్ని వారాలో కొలిచిన బరువుల నుంచి వంతెన ఆయుష్షులో రాబోయే అతి పెద్ద బరువు ఎంతో అంచనా కట్టడం.

కొద్ది రోజులు కొలిచి వందల ఏళ్ల సంగతి ఎలా చెబుతారని అనుమానం రావొచ్చు. వరదల లెక్క తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, అంతకుముందు 2009లో వచ్చింది 11.10 లక్షలు. ఇలా ఏటా వచ్చిన గరిష్ఠ వరదల్ని వరసలో పేర్చి, ఆ వరస తోక, అంటే అరుదైన అతి పెద్ద వరదల వైపు కొస, ఎలా సాగుతుందో చూసి, వందేళ్లకోసారి వచ్చేది ఎంతుండొచ్చో చెబుతారు. లారీల బరువులకీ అదే పద్ధతి. ఐరోపా కోడ్ లెక్క వెయ్యేళ్లకోసారి వచ్చే స్థాయికి కట్టినది, అంటే 50 ఏళ్లలో దాన్ని దాటే అవకాశం 5 శాతం. ఒక తేడా మాత్రం ఉంది. వరద తోక వాన మీద ఆధారపడితే లారీ తోక మనుషుల మీద ఆధారపడుతుంది. డీజిల్ ధర పెరిగితే, ట్రిప్పుకి ఇంత అని కిరాయి కడితే, చెక్‌పోస్టు దగ్గర ఎవరూ ఆపకపోతే ఆ తోక పొడుగవుతుంది. ఏ గణితమూ దీన్ని ముందే చెప్పలేదు.

మరి మన ఊహా బండ్లు ఇవాళ్టి లారీలకి సరిపోతున్నాయా? 20 మీటర్ల స్పాన్, రెండు లేన్ల వంతెన తీసుకుని నేనే లెక్క వేసి చూశాను. కోడ్ ప్రకారం రెండు లేన్లకి కలిపి ఒక 70ఆర్ పెట్టాలి, లేదా లేన్‌కి ఒకటి చొప్పున రెండు క్లాస్ ఏ వరసలు పెట్టాలి, ఏది ఎక్కువ వంచితే అది. 70ఆర్ టైర్ల బండికి సుమారు 338 టన్ను-మీటర్లు వచ్చింది, ట్యాంకుకి 310, రెండు క్లాస్ ఏలకి దాదాపు 300. అంటే ఇక్కడ 70ఆర్ టైర్ల బండిదే పైచేయి. ఇప్పుడు నిజం బండ్లు. మామూలు ఇరుసు దూరాలు తీసుకుంటే 55 టన్నుల ట్రైలర్ ఒక్కటి 153 దగ్గర వస్తుంది, రెండు పక్కపక్కన ఒకేసారి మధ్యకి వస్తే 306. సరిపోయింది, కానీ ఒడ్డున పడ్డామంటే పడ్డాం, పెద్ద తేడా లేదు. అవే రెండు ట్రైలర్లు పాతిక శాతం ఓవర్‌లోడ్‌తో ఉంటే 380 దాటుతుంది, 70ఆర్‌ని మించిపోతుంది.

అయితే వంతెన కూలిపోతుందా అంటే కూలదు. డిజైన్‌లో ఆ 338ని అలాగే వాడరు. మొదట ఇంపాక్ట్ కలుపుతారు. లారీ వంతెన మీద నిలబడి ఉండదు కదా, వేగంగా వస్తుంది, ఎక్స్‌పాన్షన్ జాయింట్ (స్లాబుల మధ్య వదిలే సందు) దగ్గర దడేల్‌మని దిగుతుంది, స్ప్రింగుల మీద ఊగుతుంది. దీనికి క్లాస్ ఏ బండికి కాంక్రీటు వంతెనల మీద వాడే సూత్రం చాలా తేలిక, స్పాన్‌కి 6 కలిపి దానితో 4.5ని భాగించాలి. 5 మీటర్లకి 41 శాతం, 20 మీటర్లకి 17, 45 మీటర్లకి 9. చిన్న స్పాన్ మీద ఒక్క కుదుపు మొత్తం స్లాబుని కదిపేస్తుంది, పెద్ద స్పాన్ మీద బండి బరువు వంతెన సొంత బరువు ముందు చిన్నది, పైగా అన్ని చక్రాలూ ఒకేసారి ఎగరవు. కల్వర్టు ముందు రోడ్డు కుంగి గొయ్యి పడితే నిజంగా పడే దెబ్బ ఈ శాతాల్ని మించొచ్చు. అందుకే వంతెన బాగుండాలంటే ముందు దానికి చేరే రోడ్డు బాగుచేయండి అని నేను ఎప్పుడూ పోరుతుంటాను.

ఆ తర్వాత వచ్చేది లోడ్ ఫ్యాక్టర్. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అర్థం చేసుకోవాల్సింది ఇదే. వంతెన సొంత బరువుని 1.35తో గుణించి డిజైన్ చేస్తారు, వాహనాల బరువుని 1.5తో. ఎందుకు తేడా? కాంక్రీటు సాంద్రత తెలుసు, గిర్డర్ (స్లాబుని మోసే దూలం) కొలతలు తెలుసు, సొంత బరువులో పొరపాటు కొద్దిగానే ఉంటుంది. లారీ మీద ఎంత ఉందో మాత్రం తెలియదు. తెలియనితనానికి కట్టే ధర అది, ఆ ధర కాంక్రీటు, ఉక్కు రూపంలో కడతాం.

ఇది నిజమని చూపించే ఉదాహరణ కోడ్‌లోనే ఉంది. విద్యుత్ కేంద్రానికి ట్రాన్స్‌ఫార్మరో టర్బైనో మోసుకుపోయే ఓడీసీ (మామూలు కొలతలు మించిన సరుకు) ట్రైలర్ని చూసే ఉంటారు, వరసలు వరసలుగా చక్రాలు, ముందూ వెనకా జెండాలు పట్టుకున్న మనుషులు, విశాఖ ఓడరేవు నుంచో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ నుంచో బయల్దేరితే దారి పొడవునా జనం చూడ్డానికి ఆగిపోతారు. వీటి కోసం కోడ్‌లో ఎస్‌వీ లోడింగ్ (స్పెషల్ వెహికల్, అంటే ప్రత్యేక వాహనం) అని చేర్చారు. మొత్తం 385 టన్నులు. లాగే బండి 25 టన్నులు, వెనక ఒక్కోటి 18 టన్నుల ఇరుసులు 20, ఒకటిన్నర మీటర్ల ఎడంతో. వినడానికి భయంకరంగా ఉంటుంది, కానీ అలాంటి హైడ్రాలిక్ ట్రైలర్లకి ఒక్కో ఇరుసుకి సాధారణంగా ఎనిమిది టైర్లుంటాయి, అంటే టైరుకి రెండుంపావు టన్నులు. నాలుగు టైర్ల ఇరుసు మీద చట్టబద్ధంగా 11.5 టన్నులు వేసుకున్న మామూలు లారీ టైరుకి దాదాపు 2.9 టన్నులు. నేల మీద ఒక్కో టైరు ఆనే చోట ఆ రాక్షసి బండే తేలిక.

ఈ ఎస్‌వీ బండికి షరతులున్నాయి. గంటకి 5 కిలోమీటర్లు మించకూడదు, వంతెన మధ్యగా పోవాలి, అటూఇటూ 300 మిల్లీమీటర్లకి మించి జరగకూడదు, ఆ సమయంలో వంతెన మీద ఇంకే బండీ ఉండకూడదు. అప్పుడు ఇంపాక్ట్ కలపరు, లోడ్ ఫ్యాక్టర్ 1.0 మాత్రమే. ఎందుకంటే బరువు తెలుసు, వేగం తెలుసు, ఎక్కడ పోతుందో తెలుసు. అదే 20 మీటర్ల స్పాన్‌కి ఎస్‌వీ కింద వచ్చేది 600 టన్ను-మీటర్ల పైచిలుకు. ఇంపాక్ట్ కలిపి 1.5తో గుణించిన 70ఆర్‌ది కూడా దాదాపు 600. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. బరువు సరిగ్గా తెలిసిన 385 టన్నుల బండీ, ఎంత వేసుకొచ్చిందో ఎలా పోతుందో తెలియని 100 టన్నుల బండీ ఆ స్పాన్‌కి దాదాపు సమానం!

లేన్లు పెరిగితే తగ్గింపు ఉంటుంది, మూడు లేన్లకి 10 శాతం, నాలుగూ ఆపైన 20 శాతం. అన్ని లేన్లలోనూ అతి బరువైన బండ్లు ఒకే క్షణంలో ఒకే చోటికి రావడం అరుదు కాబట్టి. బ్రేకు వేస్తే వంతెనని ముందుకి నెట్టే బలం ఉంటుంది, మొదటి బండి వరస బరువులో 20 శాతం, అది ముఖ్యంగా బేరింగులకీ (గిర్డర్లు స్తంభాల మీద ఆనే దిమ్మలు) స్తంభాలకీ సంబంధించినది. బండి ఎప్పుడూ లేన్ మధ్యలో పోదు కాబట్టి అంచుకి జరిపి కూడా చూస్తాం, క్లాస్ ఏ అయితే కెర్బుకి (రోడ్డు అంచు గట్టుకి) 150 మిల్లీమీటర్ల దగ్గరదాకా, అప్పుడు చివరి గిర్డర్ మీద ఎక్కువ పడుతుంది.

జామ్ సంగతి కొంచెం ఆగి చెప్పాలి. క్లాస్ ఏ వరసకీ దాని వెనక వచ్చే వరసకీ మధ్య కోడ్ 18.5 మీటర్ల ఖాళీ వదులుతుంది. కదిలే ట్రాఫిక్‌కి సరే, కానీ ఓడరేవు గేటు ముందు, గనుల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీ రోడ్డు మీద లారీలు ఆగిపోతే మధ్యలో రెండు మీటర్లు కూడా ఉండదు. అందుకే ఇలాంటి చోట్ల కోడ్ తర్వాత కంజెషన్ ఫ్యాక్టర్ అని చేర్చింది, 10 నుంచి 30 మీటర్ల స్పాన్‌కి 15 శాతం అదనం, 70 మీటర్లు దాటితే 70 శాతం. బండ్లు ఆగి ఉంటాయి కాబట్టి అప్పుడు బ్రేకు బలం కలపక్కర్లేదు.

ఇంకో మాట, ఇది చాలామందికి తట్టదు. పుష్కరాల రోజుల్లోలా జనం కిక్కిరిసి నిలబడితే చదరపు మీటరుకి ఏడుగురు పడతారు, అంటే సుమారు 450 కిలోలు పైనే. యాత్రికులు గుమిగూడే చోట ఫుట్‌పాత్‌కి కోడ్ పెట్టిన లోడు కూడా 500 కిలోలు. ఏడున్నర మీటర్ల వెడల్పు రోడ్డంతా అలా నిండితే పొడవులో మీటరుకి 3.75 టన్నులు. రెండు లేన్ల క్లాస్ ఏ వరసల్ని వాటి మధ్య ఖాళీలతో కలిపి సగటు చూస్తే మీటరుకి మూడు టన్నుల లోపే. పొడవైన స్పాన్ మీద మనుషులు లారీల కంటే బరువు. 1987 మే నెలలో గోల్డెన్ గేట్ వంతెన యాభై ఏళ్ల పండగకి లక్షల మంది దాని మీదికి ఎక్కితే పైకి విల్లులా ఉండే రోడ్డు మధ్యలో చదునైపోయింది, వంతెన తట్టుకుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్కసారి వచ్చే అతి పెద్ద బరువు గురించి. మావయ్య కల్వర్టులో రెండో సంగతి, రోజూ వచ్చే బరువు. ఉక్కు వంతెనల్లో వెల్డింగుల దగ్గర ప్రతి లారీ ఒక చిన్న సాగదీత, అవి లక్షల్లో పేరుకుంటే పగులు మొదలవుతుంది. దీనికి ఐఆర్‌సీ:6 వాడేది 40 టన్నుల లారీ, మామూలు చోట్ల 20 లక్షల సార్లు, ఓడరేవులూ గనుల దగ్గర కోటి సార్లు పోతుందని. ఈ అరుగుదల బరువుతో సమానంగా పెరగదు, సుమారుగా దాని ఘనంతో పెరుగుతుంది. పాతిక శాతం ఎక్కువ వేస్తే 1.25ని మూడుసార్లు గుణించండి, దాదాపు 1.95. అంటే ప్రతి లారీ పాతిక శాతం ఎక్కువ మోస్తే ఆ వెల్డింగు ఆయుష్షు సగం. రోడ్డు పొరలకైతే ఇంకా ఘోరం, 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో చేసిన పెద్ద రోడ్డు పరీక్షలో తేలింది ఇరుసు బరువుకి నాలుగో ఘాతం.

ట్రాఫిక్ పెరిగిపోతే వంతెన పాతదైపోవడం ఎలా ఉంటుందో అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జిని చూస్తే తెలుస్తుంది. 1928లో కట్టారు, అప్పటి కారు బరువు ఏడు వందల కిలోలకి దగ్గర, అనుమతించిన లారీ 9 టన్నులు. 1967 డిసెంబర్ 15న అది కూలి 46 మంది పోయేనాటికి కార్లు రెండింతలు దాటాయి, లారీలు 27 టన్నులయ్యాయి. కూలడానికి అసలు కారణం ఒక ఉక్కు కడ్డీ కంటిలో పెరిగిన పగులు, కానీ ఆ పగులుని రోజూ లాగింది ఆ బండ్లే.

మన దగ్గర 2018 జులైలో కేంద్రం చట్టబద్ధమైన ఇరుసు బరువుల్ని పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకి 10.2 నుంచి 11.5 టన్నులు, రెండు ఇరుసుల లారీకి మొత్తం 16.2 నుంచి 18.5, ట్రైలర్లకి 49 నుంచి 55. రవాణా ఖర్చు తగ్గుతుంది, ఎలాగూ ఎక్కువ వేస్తున్నదాన్ని చట్టంలోకి తెచ్చారు అన్నది వాదన. నాకు అందులో సబబు కనపడుతుంది, కానీ ఐఆర్‌సీ:6లోని 70ఆర్, క్లాస్ ఏ బండ్లు మాత్రం మారలేదు. పైన నేను వేసిన 306, 338 లెక్కలో 49 టన్నుల ట్రైలర్లు పెడితే తేడా ఇంకా ఎక్కువ ఉండేది. 70ఆర్‌కి కట్టిన కొత్త హైవే వంతెనలకి ఇది భరించగలిగిందే. భయమంతా 70ఆర్ లేకుండా క్లాస్ ఏకి, క్లాస్ బీకి కట్టిన పాత కాలవ కల్వర్టుల గురించి, జిల్లా రోడ్ల గురించి. క్లాస్ బీ అంటే క్లాస్ ఏలో 60 శాతం. 5 మీటర్ల స్లాబుకి క్లాస్ ఏ ఇచ్చేది 22 టన్ను-మీటర్లు, మావయ్య చూసిన ఇసుక టిప్పరు ఇచ్చేది 30.

దీనికి మందు తూకమే. ఓవర్‌లోడ్‌కి మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకీ 2 వేలు, అదనపు సరుకు దింపించాలి కూడా. జరిమానా పడాలంటే ఎవరో తూచాలి. హైవే టోల్ ప్లాజాల్లో బండి కదులుతుండగానే ఇరుసు బరువు తీసే కాటాలు పెట్టారు, ఇసుక రేవు నుంచి ఊరి మీదుగా పోయే రోడ్డుకి అవి ఉండవు. ఆ టోల్ కాటాల్లో రోజూ పేరుకునే ఇరుసు బరువులే ఒంటారియోలో తూచిన 9,250 లారీల్లాంటి సమాచారం, మన సొంత డిజైన్ లారీని తయారుచేసుకోవడానికి అంతకంటే మంచి ముడిసరుకు ఉండదు. వంతెననే కాటాగా మార్చే పద్ధతి కూడా ఒకటుంది, 1979లో అమెరికాలో ఫ్రెడ్ మోసెస్ ప్రతిపాదించాడు. గిర్డర్ల కింద సాగుదలని కొలిచే పరికరాలు అతికిస్తే పైన పోయే లారీ ఇరుసు బరువుల్ని వెనక్కి లెక్కకట్టొచ్చు, డ్రైవర్‌కి తెలియదు, తప్పించుకుని పక్క రోడ్డు పట్టే పని ఉండదు.

కాగితాలు పోయిన పాత వంతెనకైతే లోడ్ టెస్ట్ చేస్తాం. రాత్రి ట్రాఫిక్ ఆపి, పరీక్షకి తెచ్చిన టిప్పర్లని ముందు కాటాకి పంపి ముందు ఇరుసు, వెనక ఇరుసులు విడివిడిగా తూయించి, ఆ ఊహా బండి ఎంత వంచాలో అంత వంగేలా ఎక్కడ నిలబెట్టాలో స్లాబు మీద సున్నంతో గీతలు గీస్తాం. ఒక్కో టిప్పరుని మెల్లగా వెనక్కి తెచ్చి గీత మీద చక్రం పెట్టిస్తాం. కింద డయల్ గేజీల (వంగిన దూరం చూపే ముల్లు మీటర్ల) దగ్గర టార్చిలైట్లతో కూర్చున్న కుర్రాళ్లు ప్రతి బండి ఎక్కాక అంకె అరిచి చెబుతారు, పైన ఒకరు రాసుకుంటారు. బరువుని 24 గంటలు అలాగే ఉంచి, దింపేసి, మళ్లీ 24 గంటలు ఆగి చూస్తాం. మామూలు కాంక్రీటు వంతెన అయితే వంగినదాంట్లో కనీసం 75 శాతం, ప్రీస్ట్రెస్డ్ (ఉక్కు తీగల్ని ముందే లాగి బిగించిన కాంక్రీటు) అయితే 85 శాతం తిరిగి పైకి లేవాలి. ఆ ఆఖరి రీడింగ్ చెప్పే కుర్రాడి గొంతు కోసం పైన ఉన్నవాళ్లందరం మాట్లాడకుండా నిలబడతాం.